గింజల సారమును పరీక్షించుట యెట్లు?

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో వేప, కానుగ చెట్లు లేని ఊరు అరుదు. కన్నడమున బేవు, హొంగె అనినను గింజలోని చేదు మారదు. ఆ చేదునకు బాక్టీరియాను చంపు శక్తి కలదా యని మన పిల్లలు అడుగుచుందురు. దానిని తేల్చు విధము తలిదండ్రులకును తెలియుట మేలని తలచి వ్రాయుచున్నాము.

గింజలను నీడన ఆరబెట్టి, పొడిచేసి, మెథనాల్ వంటి ద్రవములో నానబెట్టి వడగట్టుదురు. ద్రవము ఆవిరికాగా మిగిలినదే సారము. దానిని కొలత ప్రకారము మరల తగిన ద్రవములో కరగింతురు. సముద్రపు నాచునుండి తీసిన అగర్‌ను పోషకములతో కలిపి, పళ్లెములో గడ్డకట్టించి, దానిపై ఒకే జాతి బాక్టీరియాను పలుచగా పూయుదురు. పిదప చిన్న గుంటలు చేసి, ఒకదానిలో సారమును, ఒకదానిలో తెలిసిన యాంటీబయాటిక్‌ను, మూడవదానిలో సారమును కరగించిన ద్రవమును మాత్రమే పోయుదురు. ఈ మూడవ గుంటను చిన్నచూపు చూడరాదు. అది లేనిచో బాక్టీరియాను చంపినది గింజయో, ద్రవమో చెప్పలేము. 37 డిగ్రీల వేడిమిలో ఒక రాత్రి యుంచగా బాక్టీరియా పొరవలె పెరుగును. మందు పనిచేసినచోట గుంటచుట్టు ఖాళీ వలయము కనబడును. దానిని మిల్లీమీటర్లలో కొలుతురు. (రోగము కలిగించు బాక్టీరియాను బడిలో పెంచుట తగదు, అది తగిన ప్రయోగశాలలో చేయవలసిన పని.)

వలయము చిన్నదైనంతమాత్రమున మందు బలహీనమని కాదు. నూనె అగర్‌లో సులభముగా వ్యాపింపదు. అందుచే సారమును అంతకంతకు పలుచన చేయుచు, ఎంత తక్కువ పాలు బాక్టీరియా పెరుగుదలను ఆపునో కూడ చూతురు.

1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనెనుండి నింబిన్, నింబినిన్, నింబిడిన్ అను పదార్థములను వేరుచేసెను. 1966లో పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలవారు బావంచాల గింజలలోని బకుచియోల్‌ను వెల్లడించిరి. పండ్లను పుచ్చజేయు బాక్టీరియాను అది అడ్డునని తరువాతి పరీక్షలలో తేలినది. అయినను పేరుగన్న యాంటీబయాటిక్‌లు పెక్కు గింజలనుండి రాలేదు. మన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలో లెడర్లీ పరిశోధనాలయమునుండి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ మట్టిలోని సూక్ష్మజీవి యిచ్చినది.

పళ్లెములో బాక్టీరియాను చంపినది బిడ్డకడుపులో మేలు చేయునని నమ్మరాదు. ఉప్పు కూడ బాక్టీరియాను ఆపును; అందుకే ఊరగాయ నిలువయుండును. వేపనూనె త్రాగించిన పసిపిల్లలకు వాంతులు, మగత, మూర్ఛలు కలిగినవని 1981లో మలేషియా వైద్యులు ప్రకటించిరి. మన ప్రాంతమున కొన్ని యిండ్లలో ఉగ్గుగిన్నెతో ఈ నూనెను పోయు వాడుక కలదు. తల్లులారా, దానిని మానుడు. ఇదివరకే పోసియుండి బిడ్డ మగతగా నున్నచో, ఆలసింపక ఆసుపత్రికి తీసికొనిపోయి, పోసినదేమో, ఎంతయో దాచక వైద్యునికి చెప్పుడు.