కలంకారీ కట్టుకున్న దీపం

మా అమ్మమ్మ ఇచ్చిన పెడన అచ్చు కలంకారీ దుప్పటి పాతికేళ్లు వాడేసరికి మధ్యలో పల్చబడింది. అంచులు మాత్రం గట్టిగా ఉన్నాయి. పారేయడానికి చేతులు రాలేదు. గరాజ్ సేల్‌లో కొన్న పాత టేబుల్ ల్యాంపు షేడ్ చిరిగి ఉంటే, ఆ అంచు ముక్కే దానికి కట్టాను. సాయంత్రం స్విచ్ వేయగానే ఎర్ర పువ్వులు ఇటుక రంగులో వెలిగాయి. చూసినవాళ్లంతా మాకూ చేసిపెట్టమన్నారు.

మూడో చలికాలంలో ఎల్ఈడీ బల్బు పోయింది. నేను ఊళ్లో లేను. ఇంట్లోవాళ్లు డబ్బాలో దొరికిన పాత 150 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టారు. రెండు వారాల తర్వాత తిరిగొస్తే గదిలో మాడు వాసన. బల్బుకి ఎదురుగా అరచేయంత మేర గోధుమ రంగు మచ్చ. వేలితో తాకితే పువ్వుల చుట్టూ ఉన్న నల్ల గీతలు పొడిలా రాలాయి. ఎరుపు మాత్రం నిలిచింది.

బట్టల రంగులు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి కారణం వెంటనే తెలిసింది. కలంకారీ నలుపు ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టి చేసేది. కరక్కాయ పట్టించిన బట్ట మీద పడగానే నల్లబడుతుంది. ఆ ఇనుమే ఏళ్ల తరబడి నూలు పోగును లోలోపల తినేస్తుంది. వేడి, వెలుతురు తోడైతే ఆ పని ఇంకా త్వరగా అవుతుంది. తెలిసి కూడా బల్బు సంగతి ఇంట్లో చెప్పి ఉంచలేదని ఇప్పటికీ బాధే.

అందుకే, కత్తెర పట్టకముందు బల్బు చూడండి. ఫిలమెంట్ బల్బు తాగే కరెంటులో తొంభై శాతం వరకు వేడిగానే పోతుంది. 2023 ఆగస్టు నుంచి అమెరికాలో మామూలు ఫిలమెంట్ బల్బులు చాలావరకు అమ్మకానికి లేవు గానీ, మన గరాజ్‌లలో పాత డబ్బాలు ఇంకా ఉన్నాయి. వాటిని తీసేయండి. 60 వాట్ల బల్బంత వెలుతురు 9 వాట్ల ఎల్ఈడీ ఇస్తుంది. బల్బుకీ బట్టకీ మధ్య ఎటు చూసినా మూడంగుళాలు ఉండేలా చూసుకోండి. బల్బు మీదే క్లిప్పుతో కూర్చునే చిన్న షేడ్‌లకు పాత బట్ట వద్దే వద్దు. షేడ్ లోపల పెద్ద అక్షరాలతో "ఎల్ఈడీ మాత్రమే, 9 వాట్లు" అని రాసి అంటించండి. రేపు బల్బు మార్చేది మీరే కాకపోవచ్చు. పాత ల్యాంపు వైరు పెళుసెక్కి ఉంటే ముందు అది మార్పించండి.

కట్టడం కష్టమేమీ కాదు. క్రాఫ్ట్ షాపుల్లో ఒకవైపు జిగురున్న ప్లాస్టిక్ షీటు దొరుకుతుంది. గుండ్రటి నిలువు షేడ్ అయితే 14 అంగుళాల వెడల్పుకి చుట్టుకొలత 44, అతుక్కి ఇంకో అంగుళం. పైన వెడల్పు తక్కువున్న షేడ్ అయితే కాగితం మీద దొర్లించి గీసుకోవాలి. అది వంపు తిరిగిన ముక్క అవుతుంది. బట్టను ముందు కిటికీకి ఎదురుగా పట్టి చూడండి. పగలు కనపడని మరకలు, రఫూలు అప్పుడు బయటపడతాయి. జరీ అంచు పగలు ఎంత మెరిసినా, వెనక నుంచి దీపం పడితే నల్ల పట్టీలా కనిపిస్తుంది. పాత పట్టుచీర మడతల దగ్గర చిట్లుతోందంటే దాన్ని దీపానికి వాడకండి, బీరువాలోనే ఉంచండి. ఏ చీరకైనా పైట చెంగు కోయవద్దు. చినిగిన వైపు నుంచే ముక్క తీసుకోండి.

ఒకప్పుడు మచిలీపట్నం రేవు నుంచి వెళ్లిన కలంకారీ యూరప్ ఇళ్లలో మంచాలకు తెరలై వేలాడింది. మన తీరం రంగుబట్టల మోజు అక్కడ ఎంత పెరిగిందంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటారని 1686లో ఫ్రాన్స్, 1701లో ఇంగ్లండ్ ఇలాంటి బట్టల మీద నిషేధాలు పెట్టాయి. అంత పేరున్న చేతిపని మన అటకల మీది పెట్టెల్లో ఉంది. పిల్లలకు చూపించండి. షేడ్ లోపల బల్బు చీటీ పక్కనే ఇంకో చీటీ పెట్టండి: ఏ ఊరి బట్ట, ఎవరు కట్టారు, ఎవరిచ్చారు.

ఈసారి ఉగాది వేడుకకు వచ్చేటప్పుడు అనుమానమున్న బట్ట ముక్కలు తెచ్చుకోండి. టార్చిలైటు, టేపు నేను తెస్తాను.