మైకు ముందు మాట్లాడేదెవరు?

ఊరి పక్కన ఫ్యాక్టరీ వస్తుందంటే రచ్చబండ దగ్గర పొద్దుగూకేదాకా మాట్లాడుకుంటాం. తీరా షామియానా వేసి, అధికారులు వచ్చి అభిప్రాయం చెప్పమంటే మైకు దగ్గరకు వెళ్లేవారుండరు. సెలవులకు ఇళ్లకు వచ్చే కాలేజీ విద్యార్థులు తలచుకుంటే ఈ లోటు తీరుతుంది.

పెద్ద పరిశ్రమల పర్యావరణ అనుమతులపై 2006లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన వేయాలి. నివేదిక సారాంశం తెలుగులోనూ ఉండాలి. కలెక్టరు కార్యాలయంలో దాన్ని ఎవరైనా చూడవచ్చు. ఇంతమంది రావాలన్న కోరం మాత్రం లేదు. అంటే మనం వెళ్లకపోయినా సభ జరిగినట్టే లెక్క!

విద్యార్థులు ఆ సారాంశాన్ని ఊరి కుర్రకారు చేత చదివించాలి. నీరు ఎక్కడిది? వ్యర్థాలు ఎటు పోతాయి? మన చెరువు అందులో ఉందా, లేదా? ఇవన్నీ రాయించి, సభలో చెప్పడం నేర్పాలి. సభ చివర మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలని నిబంధన ఉంది. తమ మాట అందులోకి ఎక్కిందో లేదో చూసుకోవాలి.

శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ కేంద్రం తలపెట్టినప్పుడు, బీల భూములు చిత్తడి నేలలని స్థానికులు వాదించారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది.

ప్రాణాల మీదకు రాకముందే మాట కాగితం మీదకు రావాలి. అది నేర్పాల్సింది చదువుకున్న పిల్లలే.