సేంద్రియ భోజనపు బండి

వంటయింటిని చక్రముల మీద నిలిపి, వీథి మొగమున నాటుపంటలతో వండి వడ్డించు వ్యాపారమును గుఱించి వ్రాయుడని మా చదువరులలో కొందఱు సోదరీమణులు కోరుచున్నారు. దీనిని ఫుడ్ ట్రక్కు అనుచున్నారు. ఆహారశకటమని తెనిగింపవచ్చును గాని, ఆ పేరు వినినచో ఉన్న ఆకలియు చచ్చును. గాన మేము భోజనపు బండి యనియే వ్రాసెదము.

అన్నము నమ్ముట మన స్త్రీలకు క్రొత్త గాదు. 1897లో అచ్చయిన కన్యాశుల్కములోని పూటకూళ్ళమ్మను తెలియనివారెవరు? దిక్కులేని వితంతువునకు నాడు మిగిలిన జీవనోపాయములలో అదియొకటి. కాని లోకము ఆమె పెట్టిన కూడు తినుచునే ఆమెను చులకన చేసినది. బండి మీద వంట యను తలంపునకు మాత్రము అమెరికావారు 1866వ సంవత్సరమును చెప్పుదురు. టెక్సాసు దేశమున పశువుల మందలను దూరదేశములకు తోలు గుడ్‌నైట్ అనునతడు ఒక పాత సైనికశకటమునకు అలమరలు బిగించి వంటబండిగా మార్చెనట. నేడు పట్టభద్రురాండ్రును ఈ పనికి పూనుకొనుచున్నారు. చులకన చేయువారు తగ్గిరి. మాకు సంతోషమే. అయితే పూటకూళ్ళమ్మకు లేని భయమొకటి నేటి స్త్రీకి కలదు. ఆమె పెట్టుబడి పొయ్యియు రెండు గుండిగలును; ఈమె పెట్టుబడి పుట్టింటివారు పెట్టిన బంగారము.

ఆ బంగారము కుదువబెట్టి ముందుగా బండిని కొనుట, దానికి రంగులు వేయించుట, 'సేంద్రియము' అని పెద్ద అక్షరములతో పలక కట్టుట, అటుపిమ్మట సరకెక్కడ దొరకునని వెదకుట: ఈ వరుస మాకు సమ్మతము గాదు. వెదకునప్పటికి అప్పుపై వడ్డి నడచుచుండును. సరకు దొరకదు. అంగడిలోని మామూలు బియ్యమే పలక క్రింద ఉడుకుట మొదలగును.

జహీరాబాదు ప్రాంతపు స్త్రీలు దీనికి ఎదురు వరుసలో నడచిరి. అచ్చట 1983లో ఆరంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ప్రాపున, పలువురు దళిత స్త్రీలు సంఘములుగా కూడి, బీళ్ళుగా పడియున్న మెట్టచేలను బాగుచేసికొని, రసాయనపు ఎరువులు లేక జొన్న, కొఱ్ఱ, సామ, కంది మున్నగువానిని ఒకే చేనిలో కలిపి పండించిరి. విత్తనములను తామే దాచుకొనిరి. పంట చేతికందిన పిమ్మటనే జహీరాబాదులో చిరుధాన్యముల భోజనశాల తెరచిరి. సంక్రాంతి వేళ విత్తనములను ఎడ్లబండ్లపై అలంకరించి ఊరూర త్రిప్పు పాతపంటల జాతరయు వీరిదే. 2019లో ఈ సంఘములకు ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమానము వచ్చినది. మన బండ్ల కంటె వారి ఎడ్లబండ్లే ముందు బయలుదేరినవని చెప్పవలెను.

ఇక ఆ 'సేంద్రియము' అను మాట. ఇది రుచిని తెలుపు విశేషణము కాదు. ఒక ప్రమాణము. 2017లో కేంద్రమువారు చేసిన నిబంధనల ప్రకారము ఈ పేరుతో అమ్ము సరకునకు ధ్రువపత్రము ఉండవలెను. చిన్న రైతుగాని చిన్న రైతుల సంఘముగాని తన పంటను తానే తినువారికి నేరుగా అమ్మునపుడు మినహాయింపు కలదు. అది వారికే గాని, కొని వండి అమ్మువారికి గాదు. పెద్ద ధ్రువపత్రములకు వ్యయమెక్కువ. గాన చిన్న రైతులకొఱకు పీ.జీ.యస్. అను పద్ధతి ఏర్పడినది. కనీసము ఐదుగురు రైతులు గుంపుగా చేరి, ఒకరి పొలము నొకరు పరీక్షించుకొందురు. రసాయనములు మానిన మఱునాడే పొలము సేంద్రియమైపోదు. మార్పు దశలోని పంటకు వేఱు గుర్తు ఇత్తురు. అట్టి గుంపు మీకు దొరకనిచో, పలక మీద ఆ మాట వ్రాయకుడు. 'ఈ కొఱ్ఱలు ఫలానా ఊరి ఫలానా రైతువి' అని వ్రాయుడు. అది చాలును. అదియు నిజమై యుండవలెను సుమా! బిడ్డకు జబ్బు చేసినదని మంచి ఆహారమును వెదకికొని, రెట్టింపు వెల యిచ్చి తినిపించు తల్లి ఆ పలకనే నమ్మి వచ్చును.

వంటలో మన ధాన్యములకు వాని వాని పంతములు కలవు. కొఱ్ఱలను కొన్ని గంటలు నానవేసినచో బాగుగా మెత్తబడును. వండిన అన్నము చల్లారినచో బిరుసెక్కును. సజ్జపిండి కొలదిదినములకే చేదెక్కును గాన, వారమునకు సరిపడునంతయే విసరించుకొనవలెను. జొన్నపిండికి గోధుమపిండివలె సాగు గుణము లేదు. మరుగునీళ్ళతో కలిపి అప్పటికప్పుడు చేత తట్టవలెను. ఒక స్త్రీ గంటకెన్ని రొట్టెలు తట్టగలదో అన్నియే అమ్మగలము. పదునైదు రకముల పట్టిక వ్రాయుట అందువలన తెలివితక్కువ. జొన్నరొట్టె, పప్పు, ఋతువునకు తగిన కూరయొకటి, ఎండకాలమైనచో రాగియంబలి: ఇంతకంటె ఏమి కావలెను? వండిన అన్నమును 60 డిగ్రీల వేడికి పైన ఉంచవలెను, లేదా 5 డిగ్రీలకు లోపల చల్లబరుపవలెను. గోరువెచ్చగా విడిచినచో విషక్రిములు పెరుగును. మరల వేడిచేసినను ఆ విషము పూర్తిగా పోదు.

లెక్క చూతము. పళ్ళెము 60 రూపాయలనుకొందము. అందు సరకు 24. మిగులునది 36. గ్యాసు, కూలి, వడ్డి, బండి ఖర్చు కలిసి దినమునకు 1,200 అయినచో, ముప్పదినాలుగవ పళ్ళెముతో గాని లాభము మొదలుకాదు. సాయంకాలమునకు పది పళ్ళెములు మిగిలిపోయిన 240 రూపాయల సరకు పాడైనట్లు. దానిని పూడ్చుటకు మఱి ఏడు పళ్ళెములు అమ్మవలెను. మొదటి మాసములలో వంట చాలక కొందఱు తిరిగిపోవుటయే మేలని మా యభిప్రాయము. రేపు వారు పెందలకడనే వత్తురు.

చట్టపు సంగతులు క్లుప్తముగా: ఆహారభద్రతా సంస్థవారివద్ద నమోదు తప్పనిసరి. ఇంటి ఎఱ్ఱ సిలిండరు వాడరాదు, వ్యాపారపు సిలిండరే వాడవలెను. బండి కట్టడమును మార్చినచో రవాణా కార్యాలయపు అనుమతి కావలెను. వీథిలో నిలుచు చోటికై 2014 చట్టము పట్టణ విక్రయ సంఘములను ఏర్పఱచినది. అందలి వర్తకుల ప్రతినిధులలో మూడవ వంతు స్త్రీలుండవలెనని విధించినది. ఆ స్థానములు కాగితము మీదనే యుండిపోకుండ మనవారు అడుగవలసియున్నది.

బండి కొనుటకు ముందు అద్దెబల్ల వేసికొని, వారమునకొక్క దినము రైతుబజారు చెంత అమ్మి చూచుట మంచిది. సరకు మాట అంతకంటెను ముందు. కొఱ్ఱలు సుమారు తొంబది దినములకు కోతకు వచ్చును. దసరా తరువాత అమ్మదలచినవారు ఆషాఢములోనే రైతు ఇంటికి పోయి, ఎన్ని బస్తాలు కొందురో, ఏ వెలకు కొందురో, వానలు తప్పినచో ఏమి చేయుదురో మాటాడుకొని, కొంత పైకము ముందుగా ఇచ్చి రావలెను.