అమరికల వెనుక కోడు

అక్షరాల పరిమాణం, తెర వెలుతురు, ధ్వని, కీబోర్డు భాష, వైఫై – కంప్యూటరులో మనం మార్చుకోగల ఇటువంటి అంశాలన్నింటినీ ఒకచోట చేర్చి చూపే ప్రోగ్రామును 'సెట్టింగ్స్' అంటారు. తెలుగులో దీనికి 'అమరికలు' అనే మాట వాడుకలోకి వచ్చింది. చూడడానికి ఇందులో ఉండేవి కొన్ని మీటలు, కొన్ని జాబితాలు మాత్రమే. కాని ఇతర ప్రోగ్రాముల్లో దోషం తలెత్తితే ఆ ఒక్క పనే ఆగిపోతుంది. అమరికల్లో తలెత్తితే కంప్యూటరు మొత్తం చేజారిపోవచ్చు. తెర అమరికను తప్పుగా మార్చినందువల్ల తెర నల్లబడితే, దాన్ని సరిచేసే మీట కూడా ఆ నల్లని తెర మీదే ఉంటుంది కదా! అందుకే ఆ అమరికను మార్చగానే 'ఈ మార్పును ఉంచమంటారా?' అని అడిగి, కొన్ని సెకన్లలో సమాధానం రాకపోతే పాత స్థితికి తిరిగి వెళ్లే ఏర్పాటు చేశారు.

ఇటువంటి ప్రోగ్రాములో దోషాలను ఎలా తొలగిస్తారో తెలుసుకోవడానికి గ్నోమ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. లినక్స్ కంప్యూటర్లలో విరివిగా వాడే ఈ డెస్క్‌టాప్‌ను 1997లో మెక్సికోకు చెందిన మిగేల్ దె ఇకాసా, ఫెదెరికో మేనా ప్రారంభించారు. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దీని కోడును ఎవరైనా చదవవచ్చు, దిద్ది పంపవచ్చు. గ్నోమ్ రెండవ తరంలో మౌసుకు ఒకటి, కీబోర్డుకు ఒకటి, తెరకు ఒకటి చొప్పున చిన్న చిన్న ప్రోగ్రాములు విడివిడిగా ఉండేవి. 2011లో వచ్చిన మూడవ తరంలో వాటిని ఒకే కిటికీలోకి తెచ్చారు. ఇల్లు ఒకటైనా ఎవరి పొయ్యి వారిదే అన్నట్లు, వేర్వేరు కాలాల్లో వేర్వేరు వ్యక్తులు తమ తమ పద్ధతుల్లో రాసిన కోడు ఒకే కప్పు కిందికి చేరింది.

ఒక అమరిక నిజానికి మూడు చోట్ల నివసిస్తుంది. తెర మీద కనిపించే మీట మొదటిది. డిస్కులో భద్రపరచిన విలువ రెండవది. ఆ విలువను చదివి, తదనుగుణంగా అక్షరాలను పెద్దవి చేయడం వంటి పనిని నెరవేర్చే వ్యవస్థ మూడవది. ఈ మూడింటి మధ్య పొంతన తప్పినచోటే దోషం పుడుతుంది.

గ్నోమ్ అమరికల్లో 'పెద్ద అక్షరాలు' అనే మీట ఉంది. దాన్ని ఆన్ చేస్తే అక్షరాల పరిమాణం 1.25 రెట్లు అవుతుంది. మీటకు ఉన్నవి రెండే స్థితులు. భద్రపరచిన విలువ మాత్రం ఒక సంఖ్య. చూపు మందగించిన ఒక వృద్ధురాలికి 1.25 చాలకపోతే, ఆమె మనుమడు టెర్మినల్‌లో ఆజ్ఞ ఇచ్చి ఆ సంఖ్యను 1.5గా మార్చాడనుకుందాం. కొన్నాళ్లకు ఆమె అదే పుటను తెరిచింది. విలువ ఒకటి కంటే ఎక్కువగా ఉన్నదని గమనించిన ప్రోగ్రాము మీటను ఆన్ స్థితికి జరుపుతుంది. ఇంతవరకు సబబే. అయితే మీట ఆన్ కాగానే 1.25 అని రాయవలసిందిగా మరొకచోట కోడు ఉన్నదనుకోండి. మీటను జరిపింది మనిషా, ప్రోగ్రామా అని ఆ కోడు విచారించదు. అక్షరాలు చిన్నవైపోతాయి. పాపం, ఆమె దేన్నీ మార్చలేదు, కేవలం చూసింది. ఇది ఊహించిన సందర్భమే గాని, ఈ తరహా దోషం ప్రోగ్రాములు రాసేవారికి చిరపరిచితం.

ఇటువంటి ఫిర్యాదు అందినప్పుడు మొదట చేయవలసినది ఆ దోషాన్ని తమ కంప్యూటరులో మళ్లీ రప్పించడం. 'అక్షరాలు వాటంతటవే చిన్నవవుతున్నాయి' అన్న మాటతో పని జరగదు; ఏ విలువ ఉండగా, ఏ పుట తెరిస్తే అవుతున్నదో తెలియాలి. అది తెలిసిన తరువాత, దోషం ఏ మార్పుతో ప్రవేశించిందో వెదకుతారు. కోడులో జరిగే ప్రతి మార్పును నమోదు చేసే గిట్ అనే ఉపకరణం 2005లో వచ్చింది. నిరుడు లేని దోషం ఈ ఏడు కనిపించి, నడుమ వేయి మార్పులు జరిగి ఉంటే, వేయింటినీ పరీక్షించనక్కరలేదు. సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని పరీక్షిస్తే సగం తొలగిపోతాయి. మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేస్తారు. ఈ విధంగా సుమారు పది పరీక్షల్లో అసలు మార్పు దొరుకుతుంది. గణితం చదివే విద్యార్థులు దీన్ని లెక్కకట్టి చూడవచ్చు.

దోషాన్ని సరిచేయడానికి ఒక్క షరతు చాలు: విలువ ఇప్పటికే ఒకటి కంటే ఎక్కువైతే, మీట ఆన్ అయినంత మాత్రాన మళ్లీ రాయకూడదు. ఇక్కడే ప్రోగ్రామరుకు ఒక ప్రలోభం ఎదురవుతుంది. చుట్టుపక్కల కోడు చిందరవందరగా కనిపిస్తుంది. పనిలో పనిగా దాన్నీ సర్దాలనిపిస్తుంది. ఈ సర్దుబాటును రీఫ్యాక్టరింగ్ అంటారు. 1992లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విలియం ఆప్‌డైక్ దీనిపై పరిశోధన గ్రంథం సమర్పించాడు. 1999లో మార్టిన్ ఫౌలర్ రాసిన పుస్తకం దీనికి విస్తృత ప్రచారం కల్పించింది. ప్రోగ్రాము బయటికి ప్రవర్తించే తీరు మారకుండా, లోపలి నిర్మాణాన్ని మెరుగుపరచడమే దీని లక్షణం. దోషాన్ని సరిచేయడమంటే ప్రవర్తనను మార్చడం. లక్ష్యాలు రెండూ భిన్నమైనవి కనుక రెండింటినీ ఒకే మార్పులో కలపడం అవివేకం. కలిపితే, రేపు మరొక దోషం కనిపించినప్పుడు అది దిద్దుబాటు వల్ల వచ్చిందా, సర్దుబాటు వల్ల వచ్చిందా అన్నది గిట్ కూడా విడదీసి చెప్పలేదు.

అలాగని సర్దుబాటును శాశ్వతంగా వాయిదా వేయడమూ తగదు. పై షరతు ఒక మీటనే కాపాడుతుంది. అదే పద్ధతిలో రాసిన మీటలు మరో పది ఉంటే పది షరతులు కావాలి. గ్నోమ్ కోసం 2010లో వచ్చిన జీసెట్టింగ్స్ అనే వ్యవస్థలో మీటను, భద్రపరచిన విలువను నేరుగా ముడివేసే సౌకర్యం ఉంది. ఒక వైపు మార్పు రెండవ వైపునకు దానంతటదే చేరుతుంది. చేరినది ప్రతిధ్వనిలా వెనుకకు తిరిగి రాకుండా ఆ ముడే చూసుకుంటుంది. చేతితో రాసిన పంక్తులు ఎన్నో తొలగిపోతాయి.

తెలుగువారికి నేరుగా తగిలే దోషం మరొకటి ఉంది. ఆంగ్లంలో క్రియ ముందు వస్తుంది కనుక, 'ఆపు' అనే అర్థమిచ్చే మాటకు పరికరం పేరును అతికించి వాక్యం తయారుచేసే కోడును కొందరు రాస్తుంటారు. ముక్కలను విడివిడిగా అనువదిస్తే తెలుగులో 'ఆపు బ్లూటూత్' అని వస్తుంది. అనువాదకుడు ఎంత సమర్థుడైనా దీన్ని సరిచేయలేడు. క్రమం కోడులోనే బిగుసుకొని ఉంది. వాక్యమంతా ఒకటిగా ఉంచి, పేరు రావలసినచోట ఖాళీ వదిలేటట్లు కోడును తిరగరాయాలి. ఆంగ్ల వినియోగదారునికి తెర మీద ఏ తేడా కనిపించదు. అనువాదకుడు మాత్రం ఆ ఖాళీని ముందుకు జరిపి, క్రియను చివర నిలిపి 'బ్లూటూత్‌ను ఆపు' అని రాసుకోగలుగుతాడు.