దూరస్థ బృంద పరిశోధనలో సాంకేతికత: పంచుకోవలసినవి, వేరుగా ఉంచవలసినవి

వ్యాససంగ్రహం

వేర్వేరు దేశాల్లోని శాస్త్ర పరిశోధకులు కలిసి పనిచేయడానికి తోడ్పడే సాంకేతికత స్వరూపాన్ని, పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది. 1990లలో సాగిన ఎగువ వాతావరణ పరిశోధన ప్రయత్నం, 2017–2019 నాటి ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ కృషి ఇందుకు ప్రధాన ఆధారాలు. ఏ దశలో దేనిని పంచుకోవాలో, దేనిని వేరుగా ఉంచాలో ముందుగా నిర్ణయించుకోవడమే ఇటువంటి సహకారానికి బలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దూరస్థ సహకారం, కొలాబరేటరీ, దత్తాంశం, పరిశోధన బృందం, కృష్ణబిలం.

1. ఉపోద్ఘాతం

శాస్త్ర పరిశోధన చాలాకాలం పరికరం ఉన్నచోటనే సాగింది. పరికరాల పరిమాణం, వ్యయం పెరిగేకొద్దీ అవి కొద్ది చోట్లకే పరిమితమయ్యాయి. వాటిపై ఆధారపడే పరిశోధకులు మాత్రం అనేక దేశాలకు విస్తరించారు. ఈ ఎడాన్ని పూరించే ప్రయత్నాలలో 1989 ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడు మార్చిలో, జెనీవా సమీపంలోని సెర్న్ సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన సమాచార నిర్వహణ పద్ధతే తరువాత వరల్డ్ వైడ్ వెబ్‌గా రూపొందింది. వచ్చి వెళ్ళే పరిశోధకుల పత్రాలు, ప్రాజెక్టు వివరాలు చెదిరిపోకుండా చూడటం దాని తొలి ప్రయోజనం.

అదే సంవత్సరం అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త విలియం వుల్ఫ్ ‘కొలాబరేటరీ’ అనే భావనను ముందుకు తెచ్చారు. సహకారం, ప్రయోగశాల అనే అర్థాలనిచ్చే రెండు ఆంగ్లపదాల కలయిక ఇది. పరిశోధకుడు ఎక్కడున్నప్పటికీ పరికరాన్ని, దత్తాంశాన్ని, తోటి పరిశోధకులను చేరగలిగే గోడలు లేని ప్రయోగశాల ఈ భావన సారాంశం.

2. గ్రీన్‌లాండ్ రాడార్ నుంచి నేర్చినది

ఈ భావనకు తొలి ఆచరణ రూపాలలో ఒకటి మిషిగన్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 1990లలో నడిచింది. అయనావరణాన్ని పరిశీలించే రాడార్ గ్రీన్‌లాండ్‌లోని కంగెర్లుస్సువాక్ వద్ద ఉండేది. అంతకుముందు పరిశోధకులు అక్కడికి ప్రయాణించి, పరిశీలనకు అనువైన పరిస్థితుల కోసం వేచి ఉండవలసి వచ్చేది. కొత్త వ్యవస్థలో రాడార్ కొలతలు వెలువడుతుండగానే వేర్వేరు నగరాల్లోని పరిశోధకుల తెరలపై కనిపించేవి. వాటి పక్కనే లిఖిత సంభాషణకు ఒక గవాక్షం ఉండేది.

ఇందువల్ల ప్రయాణం తగ్గడంతోపాటు మరొక ఫలితం కూడా కలిగింది. నిపుణులు ఒక కొలతను ఎలా చదువుతారో, ఎక్కడ సందేహిస్తారో పరిశోధక విద్యార్థులు నేరుగా చూడగలిగారు. ప్రయోగశాలలో గాలిలో కలిసిపోయే చర్చ ఇక్కడ లిఖితరూపంలో నిలిచింది. ఆ సమయంలో హాజరు కాలేనివారికి కూడా అది అందింది.

3. తొలగని దూరం

గ్యారీ ఓల్సన్, జూడిత్ ఓల్సన్ 2000లో ప్రచురించిన వ్యాసంలో దూరస్థ సహకారం ఫలించడానికి నాలుగు అంశాలను పరిశీలించారు. అవి: ఉమ్మడి అవగాహన, పనుల పరస్పర ముడి, సహకరించడానికి సంసిద్ధత, సాంకేతిక సంసిద్ధత. వీటిలో చివరిది ఒక్కటే పరికరాల కొనుగోలుతో కొంతవరకు తీరుతుంది.

పనుల ముడి ఎంత బిగువుగా ఉంటే దూరం అంతగా బాధిస్తుంది. క్షణక్షణం ఒకరి నిర్ణయంపై మరొకరు ఆధారపడే పనికి తరచు సంభాషణ అవసరం. హైదరాబాదుకు, మిషిగన్ విశ్వవిద్యాలయం ఉన్న యాన్ ఆర్బర్‌కు నడుమ ఋతువును బట్టి తొమ్మిదిన్నర లేదా పదిన్నర గంటల వ్యత్యాసం ఉంటుంది. ఏ దృశ్యసమావేశ వ్యవస్థా దీనిని తొలగించలేదు. అందువల్ల పనిని స్పష్టమైన భాగాలుగా విభజించడం, ప్రతి నిర్ణయాన్నీ కారణంతో సహా నమోదు చేయడం అనివార్యమవుతాయి.

4. ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్: కలయిక, ఎడబాటు

2017 ఏప్రిల్‌లో చిలీ, స్పెయిన్, హవాయి, అరిజోనా, మెక్సికో, దక్షిణ ధ్రువంలోని ఎనిమిది రేడియో టెలిస్కోపులు ఒకే పరికరంగా పనిచేశాయి. ప్రతి కేంద్రంలోని పరమాణు గడియారం సంకేతాల రాకను అత్యంత కచ్చితంగా నమోదు చేసింది. ఏ రాత్రి పరిశీలన జరపాలన్న నిర్ణయానికి అన్ని కేంద్రాల వాతావరణ సమాచారం ఒకేసారి అవసరమైంది. ఇది బిగువైన ముడి గల పని. ఇక్కడ తక్షణ సంభాషణే ఆధారం.

దత్తాంశం విషయంలో మార్గం భిన్నం. సేకరించినది సుమారు 5 పెటాబైట్లు. సెకనుకు 1 గిగాబిట్ వేగంతో నిరంతరాయంగా పంపినా దీనికి సుమారు 460 రోజులు పడుతుంది. అందుచేత హార్డ్ డిస్కులను విమానాలలో మసాచుసెట్స్‌లోని హేస్టాక్ పరిశోధనాలయానికి, జర్మనీలోని బాన్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ సంస్థకు తరలించారు. దక్షిణ ధ్రువం నుంచి మెసియే 87 గెలాక్సీ కనిపించకపోయినా, క్రమాంకనానికి అక్కడి దత్తాంశం ఉపయోగపడింది. శీతాకాలంలో అక్కడికి విమానాలు నడవవు. కాబట్టి ఆ డిస్కులు 2017 చివరి వరకు రాలేదు.

అన్నింటికన్నా గమనార్హమైనది చిత్రనిర్మాణ దశ. అసంపూర్ణమైన కొలతల నుంచి అనేక చిత్రాలను నిర్మించవచ్చు. ఆశించిన రూపాన్నే చూసే ప్రమాదం ఉంది. 2018లో పరిశోధకులను నాలుగు బృందాలుగా విభజించి, ఒకరి ఫలితం మరొకరికి తెలియకుండా పనిచేయించారు. రెండు బృందాలు ఒక గణన విధానాన్ని, మిగిలిన రెండు వేరొక విధానాన్ని అనుసరించాయి. జులైలో పోల్చి చూసినప్పుడు నాలుగు చిత్రాలలోనూ దక్షిణభాగం ఎక్కువగా ప్రకాశించే వలయం కనిపించింది. అనంతరం కృత్రిమ దత్తాంశంతో విధానాలను పరీక్షించి, 2019 ఏప్రిల్ 10న చిత్రాన్ని విడుదల చేశారు. మొదటినుంచీ నాలుగు బృందాలూ ఒకే తెరపై పనిచేసి ఉంటే, ఆ ఏకాభిప్రాయం స్వతంత్ర సాక్ష్యంగా నిలిచేది కాదు.

5. ముగింపు

పై రెండు ఉదాహరణలు పరస్పర పూరకాలు. గ్రీన్‌లాండ్ ప్రయత్నంలో విలువ అందరూ ఒకే కొలతను చూడటం నుంచి వచ్చింది. కృష్ణబిల చిత్రంలో విశ్వసనీయత కొంతకాలం చూడకుండా ఉండటం నుంచి వచ్చింది. కాబట్టి దూరస్థ సహకారాన్ని సమావేశాల సంఖ్యతోనో, సందేశాల వేగంతోనో కొలవడం సరికాదు.

విశ్వవిద్యాలయాలు ఉమ్మడి ప్రాజెక్టు చేపట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఎంపికకు ముందే కొన్ని ప్రశ్నలకు లిఖితపూర్వక సమాధానం ఇచ్చుకోవాలి. దత్తాంశం ఎవరికి, ఏ దశలో అందుతుంది? నిర్ణయాలు ఎక్కడ నమోదవుతాయి? సమావేశానికి రాలేని పరిశోధక విద్యార్థి అభిప్రాయం ఎలా చేరుతుంది? అతని కృషి ప్రచురణలో ఎలా గుర్తింపు పొందుతుంది? వీటిని తేల్చకుండా నెలకొల్పిన సాంకేతిక వ్యవస్థ ఉన్న అసమానతలనే మరింత దూరం తీసుకువెళ్తుంది.