కల్పితవిమానముల చోదకశక్తి

రామాయణమున పుష్పకము కామగమము. ప్రభువు సంకల్పమే దానికి చోదకము. ఇంధనముతో పని లేదు. 1966లో అమెరికా టెలివిజనున మొదలైన స్టార్ ట్రెక్ కథలయందలి నౌకకు ఆ స్వేచ్ఛ లేదు. కాంతివేగమును మించరాదని సాపేక్షవాదము శాసించుచున్నది. కావున కథకులు నౌక చుట్టునున్న అంతరాళమునే వంచిరి. పదార్థ ప్రతిపదార్థములు కలిసి నశించునపుడు పుట్టు శక్తి దీనికి ఆధారము. ఆ శక్తి సత్యము; దానిని అదుపుచేయు డైలిథియము స్ఫటికము కల్పితము. 1994లో ఆల్కుబియెర్రె ఇట్టి గమనమునకు గణితరూప మొసగెను గాని, వలయు ఋణశక్తిని కూర్చు ఉపాయము నేటికిని లేదు.

కవికి ప్రకృతినియమముతో పని లేకపోయెను. టెలివిజను కథకుడు దాని నంగీకరించి, తప్పించుకొను దారి వెదకెను. ప్రాచీనమని ప్రచారమొందిన వైమానికశాస్త్రము 1904కు పూర్వపుది కాదనియు, అందలి విమానము లెగురజాలవనియు 1974లో బెంగుళూరు శాస్త్రజ్ఞులు తేల్చిరి. పుష్పకమున యంత్రరహస్యము వెదకుట శాస్త్రమునకును, కావ్యమునకును గూడ అపచారమని మా యభిప్రాయము.