అద్దం కెమెరా, జేబు కెమెరా

అప్పనపల్లి బాల బాలాజీ గుడి దగ్గర, వైనతేయ గట్టున మిట్టమధ్యాహ్నం ఫోటో తీయడం ఏ కెమెరాకైనా కఠిన పరీక్షే. ఒకవైపు ఎండకు తళతళలాడే నది, పక్కనే కొబ్బరితోటల చిక్కని నీడ. ఆ నీడలో కూర్చుని కాయలు ఒలిచే మనిషి ముఖం కనపడేలా తీస్తే నది తెల్లగా పాలిపోతుంది. నదిని సరిగ్గా పట్టుకుంటే మనిషి నల్లటి నీడగా మిగులుతాడు. పొద్దు గుంకాక పరీక్ష తిరగబడుతుంది. అప్పుడు వెలుగు చాలదు.

ఫోనుతో తృప్తి తీరక మంచి కెమెరా కొనుక్కోవాలనుకునే కోనసీమ కుర్రకారు ముందు రెండు దారులున్నాయి. మొదటిది అడ్వాన్స్‌డ్ కాంపాక్ట్: జేబులో పట్టేంత చిన్నదే అయినా వేగం, అపెర్చర్, ఫోకస్ అన్నీ మన చేతికి ఇచ్చేది. రెండోది ఎంట్రీ లెవెల్ ఎస్‌ఎల్‌ఆర్: లోపల అద్దం, ముందు మార్చుకోగల లెన్సు. ఏది కొనాలో తేల్చుకోవాలంటే ఈ రెండూ ఏ అవసరం కోసం పుట్టాయో ముందు తెలియాలి.

చూసేది ఒకటి, పడేది ఒకటి

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ కాలంలో కెమెరా అంటే ముక్కాలి మీద నిలబెట్టిన చెక్కపెట్టె. నల్లగుడ్డ కప్పుకుని వెనకనున్న గరుకు గాజు మీద చూస్తే దృశ్యం తలకిందులుగా కనిపించేది. ఫోకస్ కుదిరాక ఆ గాజు స్థానంలో రసాయనం పూసిన ప్లేటు పెట్టాలి. ప్లేటు పెట్టిన క్షణం నుంచి దృశ్యం కనపడదు. ఎదుటి మనిషి కదలకుండా ఉన్నాడన్న నమ్మకం మీదే బొమ్మ తీయాలి.

ఈ చిక్కుకు విరుగుడుగా 1861లో ఇంగ్లండ్‌లో థామస్ సటన్ ఒక అద్దానికి పేటెంట్ తీసుకున్నాడు. లెన్సు వెనక 45 డిగ్రీల వాలులో అద్దం పెడితే, వెలుగు పైకి మళ్లి గాజు మీద పడుతుంది. ఫోటో తీసే క్షణంలో అద్దం పక్కకు తప్పుకుంటే అదే వెలుగు వెనకనున్న ప్లేటును తాకుతుంది. చూసే లెన్సు, తీసే లెన్సు ఒకటే. సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్, అంటే ఎస్‌ఎల్‌ఆర్, మూలసూత్రం ఇదే. 1884లో అమెరికాలో కాల్విన్ రే స్మిత్ ‘మోనోక్యులర్ డ్యూప్లెక్స్’ పేరుతో ఇలాంటి కెమెరాను అమ్మకానికి తెచ్చాడు. 1936లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో తయారైన ‘కీనే ఎగ్జాక్టా’ ఈ ఏర్పాటును 35 మిల్లీమీటర్ల ఫిలింకు కుదించింది.

అప్పటికీ రెండు లోపాలు మిగిలాయి. అద్దంలో బొమ్మ కుడి ఎడమలు తారుమారయ్యేది. పైగా బొమ్మ తీశాక అద్దం పైనే ఉండిపోయి, మళ్లీ ఫిలిం తిప్పేదాకా చీకటే. మొదటి లోపాన్ని పెంటాప్రిజం అనే గాజు పట్టకం తీర్చింది. 1949 నాటి ‘కాంటాక్స్ ఎస్’ దాన్ని నెత్తిన పెట్టుకుని వచ్చింది. రెండో లోపాన్ని 1954లో జపాన్ ‘అసాహిఫ్లెక్స్ 2బి’ తీర్చింది. అద్దం ఎగిరి, రెప్పపాటులో తిరిగి దిగేది. 1959లో వచ్చిన ‘నికాన్ ఎఫ్’ ఇవన్నీ కలుపుకుని పత్రికల వాళ్ల భుజాన చేరింది.

జేబులోకి దిగిన కెమెరా

జేబు కెమెరా వంశం వేరు. జర్మనీలో లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ ఉబ్బసం రోగి. బరువైన కెమెరాలు మోయలేక, 1913 ప్రాంతంలో సినిమా ఫిలింను అడ్డంగా నడిపించే చిన్న కెమెరా తయారుచేశాడు. అందులో బొమ్మ 36 × 24 మిల్లీమీటర్లు. అదే 1925లో లైకాగా బజారుకొచ్చింది. అద్దం లేదు, పట్టకం లేదు. అందుకే చిన్నది, చప్పుడు తక్కువ. 1977లో కోనికా ‘సి35 ఎఎఫ్’ ఫోకస్ పనిని కూడా యంత్రానికే అప్పగించింది. మన ఇళ్లలో ఆగ్ఫా క్లిక్ త్రీ, ఆ తర్వాత హాట్‌షాట్ కెమెరాలు పెళ్లి ఆల్బమ్‌లో లేని ఇంటి ముచ్చట్లను నిలబెట్టాయి.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి ఉంది. రీలు కాలంలో 35 ఎంఎం జేబు కెమెరా, ఖరీదైన ఎస్‌ఎల్‌ఆర్ ఒకే ఫిలిం వాడేవి. రెండింటిలోనూ బొమ్మ కొలత ఒకటే. తేడా అంతా లెన్సులో, చూసే పద్ధతిలో.

ఆ సమానత్వాన్ని డిజిటల్ చెరిపేసింది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్, ఫిలిం బదులు వెలుగును పట్టే సెన్సర్‌గా పనికొచ్చే సీసీడీని కనిపెట్టారు. 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవ్ సాసన్ దాంతో తొలి డిజిటల్ కెమెరా కట్టాడు. నలుపు తెలుపులో 0.01 మెగాపిక్సెల్ బొమ్మను క్యాసెట్ టేపు మీద రాయడానికి దానికి 23 సెకన్లు పట్టింది. 2003లో క్యానన్ ‘ఈఓఎస్ 300డి’ వెయ్యి డాలర్ల లోపు ధరతో డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌ను సామాన్య ఔత్సాహికుల దగ్గరకు తెచ్చింది. అయితే సెన్సర్ పెద్దదయ్యేకొద్దీ ఖరీదు బాగా పెరుగుతుంది. అందుకే జేబు కెమెరాలకు చిన్న సెన్సర్లే దక్కాయి. మంచి కాంపాక్టుల్లో చాలాకాలం వాడిన సెన్సర్ వైశాల్యం సుమారు 43 చదరపు మిల్లీమీటర్లు. నికాన్ ఎంట్రీ లెవెల్ ఎస్‌ఎల్‌ఆర్‌లో అది దాదాపు 370, అంటే ఎనిమిది రెట్లకు పైనే.

వైశాల్యం అంత ముఖ్యం ఎందుకు? వెలుగు ఫోటాన్లుగా వస్తుంది, వాటి రాక ఒక తీరుగా ఉండదు. సగటున 10,000 ఫోటాన్లు పడే చోట హెచ్చుతగ్గు 100 దాకా, అంటే ఒక శాతం. కంటికి తెలియదు. అదే 100 ఫోటాన్లే పడితే హెచ్చుతగ్గు 10, అంటే పది శాతం. చీకటి ఫోటోల్లో కనిపించే గరుకుతనానికి చాలావరకు కారణం ఇదే. చిన్న సెన్సర్‌లో మెగాపిక్సెళ్లు కుక్కితే ఈ బెడద తీరదు. 2008లో క్యానన్ ‘జి10’కు 14.7 మెగాపిక్సెళ్లు ఇచ్చి, మరుసటి ఏడాది ‘జి11’లో 10కి తగ్గించడం ఆ పోటీ దారి తప్పిందనడానికి సాక్ష్యం. 2012లో సోనీ ‘ఆర్‌ఎక్స్100’ 116 చదరపు మిల్లీమీటర్ల సెన్సర్‌ను జేబులో పెట్టడంతో రెండు వంశాల మధ్య దూరం తగ్గింది.

లెన్సు ద్వారం చెప్పే లెక్క

సెన్సర్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. రెండు కెమెరాలు ఒకే మేర దృశ్యాన్ని, ఒకే షట్టర్ వేగంతో చూస్తున్నప్పుడు లోపలికి ఎంత వెలుగు వస్తుందో లెన్సు ద్వారం వెడల్పు నిర్ణయిస్తుంది. నాభ్యంతరాన్ని ఎఫ్ సంఖ్యతో భాగిస్తే ఆ వెడల్పు తెలుస్తుంది.

ఎస్‌ఎల్‌ఆర్‌తో పాటు వచ్చే 18–55 కిట్ లెన్సును తీసుకోండి. 18 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్/3.5, అంటే ద్వారం 5.1 మిల్లీమీటర్లు. దాదాపు అంతే దృశ్యాన్ని చూపే ఆర్‌ఎక్స్100 లెన్సు 10.4 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్/1.8, అంటే 5.8 మిల్లీమీటర్లు. చిన్న కెమెరాదే పైచేయి. జూమ్ చివర తూకం మారుతుంది: కిట్ లెన్సుకు 9.8, ఆర్‌ఎక్స్100కు 7.6. ఇప్పుడు అదే ఎస్‌ఎల్‌ఆర్‌కు 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సు తగిలించండి. ద్వారం దాదాపు 28 మిల్లీమీటర్లు. అంతే జూమ్‌లో ఎఫ్/5.6 దగ్గర ఉన్న కిట్ లెన్సు కంటే దాదాపు పది రెట్ల వెలుగు.

ఎస్‌ఎల్‌ఆర్ బలం దాని ఆకారంలో లేదు, రెండో లెన్సులో ఉంది.

కోనసీమలో ఏది నెగ్గుతుంది

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో కౌశిక నీళ్లలోంచి ప్రభను భుజాలకెత్తుకుని పరుగున దాటిస్తారు. అక్కడ అద్దం కెమెరాకు తిరుగులేదు. దాని అడుగున ఉండే ప్రత్యేక సెన్సర్, ఫోకస్ ఎటువైపు, ఎంత తప్పిందో ఒక్క చూపులో లెక్క కడుతుంది. పాత కాంపాక్టులు లెన్సును ముందుకూ వెనక్కూ జరిపి వెతుక్కునేలోగా ప్రభ గట్టెక్కేస్తుంది.

మొదట చెప్పిన మధ్యాహ్నపు తోటలో మాత్రం చిన్న కెమెరా గెలుస్తుంది. నీడలోని ముఖానికి ఫ్లాష్ వెలుగు జోడించాలి, వెనక నది పాలిపోకుండా షట్టరు వేగంగా కొట్టాలి. ఎంట్రీ లెవెల్ ఎస్‌ఎల్‌ఆర్ షట్టరు సాధారణంగా సెకనులో 200వ వంతుకు మించిన వేగంలో ఫ్లాష్‌తో కలిసిరాదు. లెన్సులోనే షట్టరున్న కాంపాక్టు వెయ్యో వంతులోనూ కలిసివస్తుంది. పైగా దింపు కార్మికులు, ఒలుపు కూలీలు పెద్ద లెన్సు చూడగానే పని ఆపి బిగుసుకుపోతారు. చిన్న కెమెరాను అంతగా పట్టించుకోరు.

ఇక్కడి గాలికి కూడా ఓటు ఉంది. అంతర్వేది ఒడ్డున లెన్సు మారిస్తే ఇసుక లోపలికి పోతుంది. వానాకాలం తేమలో సంచిలో పడేసిన లెన్సుకు బూజు పడుతుంది, అది గాజు పూతను తినేస్తుంది. ఏ కెమెరా కొన్నా మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి, వారానికోసారైనా బయటికి తీసి వాడండి.

జపాన్ తయారీదార్ల సంఘం లెక్కల్లో 2010లో 12 కోట్లకు పైగా ఉన్న డిజిటల్ కెమెరాల సరఫరా, 2023 నాటికి 80 లక్షలలోపుకు పడిపోయింది. ఫోన్లు చవక కాంపాక్టులను మింగేశాయి. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు ఎస్‌ఎల్‌ఆర్ల చోటు తీసుకున్నాయి. కాబట్టి నేటి బేరం ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌దే. అద్దం కెమెరా కొంటే లెన్సును వెలుతురుకు పెట్టి బూజు ఉందేమో చూడండి, షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. నికాన్ డి3000, డి5000 వరుసల్లో ఫోకస్ మోటారు కెమెరాలో ఉండదు, లెన్సులో ఉండేదే ఎంచుకోండి. కాంపాక్టు కొంటే జూమ్ ఆటంకం లేకుండా ముందుకూ వెనక్కూ నడుస్తోందో లేదో పరీక్షించండి.

నా తీర్పు ఇది. ఏడాదిలోగా రెండో లెన్సు కొనగలిగితే, తీర్థాలూ ఆటలూ పక్షులూ మీ ఇష్టమైతే ఎస్‌ఎల్‌ఆర్ తీసుకోండి. కిట్ లెన్సుతోనే సరిపెట్టుకునేటట్టయితే పెద్ద సెన్సరున్న కాంపాక్టు మేలు, రోజూ మీ వెంట ఉంటుంది. మెగాపిక్సెళ్ల అంకె చూసి మాత్రం ఏదీ కొనకండి. కొన్న కెమెరాతో ముందు మీ ఊరిని తీయండి. దింపు పనీ, ఒలుపు పనీ, వైనతేయ మీది పడవలూ రేపటికి ఇలాగే ఉంటాయన్న హామీ లేదు.